సొసైటీ చిట్టా ఆవర్జాల నుంచి కంప్యూటర్‌కి: లెక్కకంటే ముందు మనుషుల్ని ఎలా సర్దాలి?

గట్టుమీదరైతు (సోమవారం, ఉదయం 6:50)

అందరికీ నమస్కారమండి. సొసైటీల, అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల, కంప్యూటరీకరణకి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదం తెలిపింది. 63,000 సంఘాలు, 2,516 కోట్లు, అయిదేళ్ల గడువు. మన గోదావరి డెల్టాలో పెట్టెలు దిగాయి, వైర్లు లాగారు, శిక్షణ తరగతులు పెట్టారు. అయినా చాలాచోట్ల పని పగలు పుస్తకంలో, రాత్రి కంప్యూటర్‌లో నడుస్తోంది. పగలు సెక్రటరీ గారు డే బుక్ (రోజువారీ చిట్టా) రాస్తారు, పొద్దుపోయాక కుర్రాడు కూర్చుని అదంతా ఎక్కిస్తాడు. ఇద్దరి మధ్యా మాటలుండవు.

ఒక మామూలు డెల్టా సొసైటీ అనుకుందాం. 1,200 మంది అప్పు ఖాతాదారులు, బంగారు రుణాలు, ఎరువుల గోడౌను, సీజన్లో ధాన్యం కొనుగోలు. స్టాఫ్ నలుగురు: ముప్పయ్యేళ్ల సర్వీసున్న సెక్రటరీ, ఒక స్టాఫ్ అసిస్టెంటు, గోడౌను చూసే సేల్స్‌మన్, కంప్యూటర్ కోసం తీసుకున్న కుర్రాడు. పైన ముగ్గురి కమిటీ. ఈ మార్పుని ఆ కమిటీ ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఎవరితో మాట్లాడాలి? 'అవగాహన కల్పించాలి' లాంటి మాటలు వద్దండి, అవి అందరం వినేశాం. రేపు పొద్దున్న ఏం చేయాలో చెప్పండి.

చిట్టా_ఆవర్జా (సోమవారం, ఉదయం 8:15)

సెక్రటరీ గారి భయం యంత్రమంటే కాదండి. ఆయన ఫోన్లో కరెంటు బిల్లు కడతారు, మనవరాలితో వీడియోలో మాట్లాడతారు. ఆయన భయం తేడా అంటే.

జనరల్ లెడ్జర్లో, అంటే సొసైటీ మొత్తం లెక్కల పుస్తకంలో, 'సభ్యుల పంట రుణాలు' అని ఒక మొత్తం ఉంటుంది. 1,200 మంది ఆవర్జా (సభ్యుల ఖాతాల పుస్తకం) పేజీల నిల్వలు కూడితే ఇంకో మొత్తం వస్తుంది. ఏళ్ల తరబడి చేత్తో రాసిన పుస్తకాల్లో ఈ రెండూ పైసాతో సహా కలవడం అరుదు. ఇంకోటి, సభ్యుల దగ్గర నుంచి సొసైటీకి రావలసినదానికీ, జిల్లా సహకార బ్యాంకుకి సొసైటీ కట్టవలసినదానికీ మధ్య ఎడం. దాన్నే మనవాళ్లు ఇంబ్యాలెన్స్ అంటారు. పుస్తకాల కాలంలో ఇవన్నీ ఎక్కడో అడుగున పడి ఉండేవి. కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఖాతా ఖాతాకీ నిల్వ చూపించి తీరాలి. తనకి ముందున్న ఇద్దరు ముగ్గురు సెక్రటరీల పొరపాట్లు కూడా తన మెడకే చుట్టుకుంటాయని ఆయనకి తెలుసు. ఆ భయంలో న్యాయం ఉంది. దాన్ని 'పాతకాలం మనిషి, నేర్చుకోడు' అని కొట్టిపారేసిన కమిటీ మొదటి రోజే ఆయన్ని పోగొట్టుకుంటుంది.

కాబట్టి కీబోర్డు ముట్టుకునే ముందు ఆవర్జా సరిచూడాలి. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు పేజీ చదువుతారు, ఒకరు జాబితాలో టిక్కు పెడతారు. ఆ పేజీ రాసిన చెయ్యి టిక్కు పెట్టకూడదు. చదవడం మాత్రం సెక్రటరీ గారే చదవాలి. ఆ దస్తూరీ, ఆ పొడి అక్షరాలు ఆయనకే తెలుసు. పైగా తన పుస్తకాన్ని తను విప్పి చూపించినట్టుంటుంది గానీ ఎవరో వచ్చి సోదా చేసినట్టుండదు. కౌంటరు తెరవకముందు రోజుకి రెండు గంటలు, 50 ఖాతాలు. 1,200 ఖాతాలకి 24 పనిదినాలు. అంతకంటే తొందరపెడితే కళ్లు పేజీ మీద నుంచి జారిపోతాయి.

తేడా వచ్చినప్పుడు వెతికే పద్ధతి ఉంది. తేడా 9తో నిశ్శేషంగా భాగారమైతే అంకెలు తారుమారయ్యాయేమో ముందు చూడండి. 6,300 బదులు 3,600 రాస్తే తేడా 2,700, దాన్ని 9తో భాగిస్తే సరిగ్గా 300. తేడాలో సగం ఎక్కడైనా పద్దుగా కనిపిస్తే జమ ఖర్చులో, ఖర్చు జమలో పడి ఉంటుంది. తేడా మొత్తం ఒకే పద్దుకి సరిపోతే డే బుక్‌లో ఉండి ఆవర్జాకి ఎక్కలేదన్నమాట. ఇవి ఆ తరం గుమస్తాలకి వేళ్ల మీది విద్య. కుర్రాళ్లకి తెలియవు. ఆయన పెద్దరికం ఇక్కడ పనికొస్తుంది, ఇక్కడే వాడుకోండి.

తాళపుచెవి (సోమవారం, ఉదయం 10:30)

పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. దొరికిన తేడాలన్నిటినీ ఒకే గంపలో వెయ్యకండి. మూడు వరసలు గీయండి. రాతలో తప్పు ఒకటి. డే బుక్‌లో ఉండి ఆవర్జాకి ఎక్కని పద్దు రెండోది. వోచరు లేకుండా డబ్బే కనపడనిది మూడోది. మొదటి రెండూ దిద్దుకోవడానికి వీలైనవి. మూడోది కమిటీ చేతిలో ఉండదు.

చాలామంది చైర్మన్లు మంచి మనసుతోనే 'మీరు చెప్పేయండి, మేం చూసుకుంటాం' అనేస్తారు. ఆ మాట ఇవ్వకూడదు. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం 51వ సెక్షన్ కింద ఎంక్వైరీ వెయ్యడం, 60వ సెక్షన్ కింద నష్టాన్ని బాధ్యుల దగ్గర రాబట్టే సర్‌చార్జి విధించడం సహకార శాఖ చేతిలో పని. మాఫీ చేసే అధికారం కమిటీకి లేదు. ఇవ్వలేని అభయం ఇచ్చి, తర్వాత 51 పడితే ఇక ఆ ఆఫీసులో ఎవరూ ఎవరినీ నమ్మరు.

కమిటీ చేయగలిగింది ఒకటుంది. మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించండి: 'సరిచూసే కాలంలో సిబ్బంది తమంతట తాము చూపిన రాత తప్పులకీ, ఎక్కని పద్దులకీ కమిటీ మెమో ఇవ్వదు. ప్రతి సవరణా వోచరుతో, తేదీతో, ఇద్దరి సంతకాలతో జరుగుతుంది.' ఆ రెండు వాక్యాలు చాలు. పాత సెక్రటరీల కాలం తేడాలని ఏ సంవత్సరంలో పుట్టాయో ఆ సంవత్సరం వారీగా జాబితా కట్టండి. ఇప్పుడున్నాయనకి తన బాధ్యత ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో కాగితం మీద కనపడాలి. అది కనపడ్డ రోజున ఆయన గొంతులో మార్పు మీకే తెలుస్తుంది.

తేలని తేడాని ఏ సభ్యుడి ఖాతాలోనూ సర్దకండి. సస్పెన్స్ పద్దులో (తేలేదాకా విడిగా ఉంచే పద్దు) పెట్టి వివరం జతచేయండి. 'చచ్చిపోయిన వాడి ఖాతాలో వేసేద్దాం, ఎవరడుగుతారు' అనే మాట వినిపిస్తే అక్కడే ఆపండి. వాళ్ల అబ్బాయి ఎల్లుండి పట్టా పాస్‌బుక్ పట్టుకుని వస్తాడు.

కొబ్బరాకు (సోమవారం, మధ్యాహ్నం 1:05)

ఎక్కించే వైపు నుంచి చెబుతున్నానండి. కుర్రాడు రాత్రిళ్లు పని చేయడంలో అసలు ప్రమాదం అలసట కాదు, ఊహ. పేజీలో తేదీ చెరిగిపోయింది, అడుగుదామంటే సెక్రటరీ గారు ఇంటికెళ్లిపోయారు. అడిగితే పగలు విసుక్కుంటారని భయం. దాంతో ఏదో ఒక తేదీ కొట్టేస్తాడు. ఆ ఒక్క తేదీ ఎంత పని చేస్తుందో చూడండి.

3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే అందులో 3 శాతం రాయితీ. లక్ష రూపాయల అప్పు 25-06-2024న ఇచ్చారనుకోండి. రైతు 10-06-2025న కట్టాడు, ఏడాది లోపే. కుర్రాడు నెల దగ్గర 06 బదులు 05 కొట్టాడు. కంప్యూటర్ లెక్కలో ఆ రైతు గడువు దాటినవాడు. 3,000 రూపాయల దాకా రాయితీ క్లెయిము నుంచి పేరు ఎగిరిపోతుంది. రైతు వచ్చి తిట్టేది సెక్రటరీ గారిని. సెక్రటరీ గారు తిట్టేది కుర్రాణ్ణి. తప్పు పుట్టింది ఇద్దరి మధ్యా మాటలు లేకపోవడంలో.

అందుకని కుర్రాడి బల్ల మీద ఒక అనుమానాల పుస్తకం పెట్టండి. తెలియనిది ఎక్కించకూడదు, పుస్తకంలో రాయాలి: ఆవర్జా పేజీ నంబరు, ఏం అర్థం కాలేదో, జవాబు, సంతకం. మర్నాడు కౌంటరు తెరవకముందు పావుగంట సెక్రటరీ గారు వాటికి జవాబు రాస్తారు. నోటితో చెప్పిన జవాబు చెల్లదు. రాసిందే చెల్లుతుంది. ఇది కుర్రాణ్ణి కాపాడుతుంది, ఆయన్నీ కాపాడుతుంది.

పేర్ల సంగతి ఇంకోటి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు సత్యనారాయణలుంటారు. ఆవర్జాలో 'పెద', 'చిన', 'రేవు దగ్గర' అని ఉంటుంది. కంప్యూటర్‌కి ఆధార్, తండ్రి పేరు, సర్వే నంబరు కావాలి. జిల్లా కూడా చూసుకోండి, 2022 ఏప్రిల్ 4 తర్వాత జిల్లాలు మారాయి, పాత అప్పు పత్రాల మీద పాత జిల్లా ఉంటుంది.

వశిష్ఠతీరం (సోమవారం, రాత్రి 8:40)

ఇంతవరకు చెప్పినవన్నీ బాగున్నాయి. నేను మనుషుల వరస చెబుతాను.

కమిటీ అందర్నీ కూర్చోబెట్టి మొదటి మీటింగు పెట్టడం పొరపాటు. నలుగురిలో ఎవరూ అసలు మాట చెప్పరు. మొదట చైర్మన్ గారు ఒక్కొక్కరితో విడిగా అరగంట చొప్పున కూర్చోవాలి, సెక్రటరీ గారితో మొదలుపెట్టాలి. ఆఫీసులోనే, తలుపు దగ్గరగా వేసి. టీ కొట్టు దగ్గర కాదు, ఇంటికి పిలిపించి కాదు. ఇంటికి పిలిస్తే తాఖీదులా ఉంటుంది. అడగాల్సినవి మూడు: ఈ మార్పులో మీ చేతిలోంచి ఏం పోతుందనుకుంటున్నారు? ఏ పని మీకు ఇబ్బంది? ఏ పని మీరే చేయాలి, ఇంకెవరూ చేయలేరు? జవాబు వచ్చేదాకా ఆగాలి. మధ్యలో ధైర్యం చెప్పకూడదు. ధైర్యం చెప్పగానే మనిషి మాట ఆపేస్తాడు.

ఒక్కొక్కరి చేతిలోంచి పోయేది ఒక్కో రకం. సెక్రటరీ గారికి పోయేది స్థానం. గేటు దగ్గర నుంచే రైతుని చూసి 'నీకు ఇంత బాకీ' అని నోటితో చెప్పగలగడం ఆయన గౌరవం. సేల్స్‌మన్‌కి పోయేది వెసులుబాటు. తెలిసినవాళ్లకి రెండు బస్తాలు ముందిచ్చి తర్వాత రాసుకోవడం ఇక కుదరదు. స్టాఫ్ అసిస్టెంటు పాతికేళ్లుగా ఎదురు చూస్తున్న కుర్చీ కుర్రాడికి పోతుందేమోనని బెంగ. కుర్రాడికి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఈ నాలుగింటికీ ఒకే మందు రాసే ప్రయత్నం చేస్తారు మనవాళ్లు, శిక్షణ అని. శిక్షణ ఇందులో ఒక్కదానికీ మందు కాదు.

అందరి మీటింగు ఆ తర్వాతే. ఆ రోజు కాగితం మీద మూడే విషయాలు: ఎవరి ఉద్యోగానికి ఏమవుతుంది, ఏ పని ఎవరి చేతికి వెళ్తుంది, ఇంకా తేలనిది ఏ తేదీకి తేలుతుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పొద్దు. 'జీతాల సంగతి మాకు తెలియదు, 15వ తేదీన జిల్లా బ్యాంకు సూపర్‌వైజరు గారిని అడిగి 16న చెబుతాం' అంటే మనుషులు తట్టుకుంటారు. 'చూద్దాం లెండి' అంటే టీ కొట్టులో సాయంత్రానికి 'ఇద్దరిని తీసేస్తున్నారంట' అని తిరుగుతుంది.

గట్టుమీదరైతు (మంగళవారం, ఉదయం 6:30)

చాలా ఉపయోగంగా ఉందండి. రెండు సందేహాలు. సెక్రటరీ గారి పాస్‌వర్డు చీటీ మీద రాసి మానిటరు కింద అంటించి ఉంటోంది, కుర్రాడే ఆయన పేరుతో ఆమోదాలు కొట్టేస్తున్నాడు. ఇది ఎలా మానిపించాలి? రెండోది, పుస్తకం, కంప్యూటరు రెండూ కలిపి ఎన్నాళ్లు నడపాలి? మూడు నెలలని కొందరంటారు.

తాళపుచెవి (మంగళవారం, ఉదయం 9:20)

చీటీ ముందు చింపేయండి. ఎక్కించేవారు ఒకరు, ఆమోదించేవారు ఒకరు అని పెట్టింది ఒకరి తప్పు ఒకరికి కనపడాలని. ఒకే చెయ్యి రెండూ చేస్తే ఆ ఏర్పాటే లేనట్టు. రేపు గోల్డ్ లోన్‌లో ఏదైనా జరిగితే ఆమోదం సెక్రటరీ గారి పేరున ఉంటుంది, కుర్రాడు జీతం కింద సంతకం తప్ప ఏమీ పెట్టి ఉండడు. ఆయన్ని ఆ మాటతో భయపెట్టకండి, మామూలుగా ఒకసారి వివరించండి. ముప్పయ్యేళ్లుగా తన సంతకం విలువ తెలిసిన మనిషి ఆయన. పాస్‌వర్డు కూడా సంతకమేనని అర్థమైతే ఇంకొకరికి ఇవ్వరు.

వశిష్ఠతీరం (మంగళవారం, ఉదయం 11:00)

చింపేస్తే సరిపోదండి, ఆయన చీటీ ఎందుకిచ్చారో చూడాలి. టైపు చేయడం రాదు, రాదని నలుగురి ముందు తెలియడం ఇష్టం లేదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ మొత్తం నేర్పొద్దు. నాలుగు తెరలు చాలు: రోజు తెరవడం, ఎక్కించినవాటిని ఆమోదించడం, నగదు నిల్వ చూడడం, రోజు ముగించడం. రోజుకి 20 నిమిషాలు, రెండు వారాలు. కౌంటరు తెరవకముందు, సభ్యులెవరూ లేనప్పుడు. నేర్పేది ఆ ఆఫీసు కుర్రాడు కాకుండా పక్క సొసైటీ సెక్రటరీ అయితే మరీ మంచిది. ఆ వయసు మనిషి, ఆ ఉద్యోగం మనిషి చేసి చూపిస్తే 'నా వల్ల కాదు' అనే మాట రాదు.

నేర్పేటప్పుడు ఊహా లెక్కలు వద్దు. నిన్నటి ఆయన డే బుక్ పక్కన పెట్టుకుని అవే పద్దులు తెర మీద చూపించాలి. ఎడమ వైపు తన దస్తూరీ, కుడి వైపు అదే అంకె తెర మీద. మూడో రోజుకి ఆయనే 'ఇదిగో ఈ వోచరు ఇక్కడ పడలేదేం?' అని అడుగుతారు. అక్కణ్ణుంచి ఆయన నేర్చుకునేవాడు కాదు, సరిచూసేవాడు. ఆ మెట్టు దాటించడమే చైర్మన్ చేయాల్సిన పని.

చిట్టా_ఆవర్జా (మంగళవారం, మధ్యాహ్నం 12:45)

రెండూ కలిపి మూడు నెలలంటే మనుషులు చస్తారండి. మొదటి నెల రెండూ శ్రద్ధగా రాస్తారు. రెండో నెల కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు చూసి పుస్తకంలోకి ఎత్తి రాస్తారు. అప్పుడు రెండూ ఎప్పుడూ కలుస్తాయి, కలవడానికి అర్థం మాత్రం ఉండదు. ఒక నెల చాలు. కానీ ఆ నెలలో పుస్తకం ముందు రాయాలి, కంప్యూటర్ చూడకుండా రాయాలి. సాయంత్రం నగదు లెక్కబెట్టి మూడు అంకెలు ఒక కాగితం మీద వెయ్యాలి: పెట్టెలో ఉన్న డబ్బు, క్యాష్ బుక్ నిల్వ, తెర మీది నిల్వ. మూడూ కలిస్తే సంతకం. కలవకపోతే ఆ రోజు ముగించి రేపు చూద్దామనుకోకూడదు, కలిసేదాకా కూర్చోవాలి. వరసగా 20 పనిదినాలు కలిసినప్పుడే పుస్తకం మూయండి.

కొబ్బరాకు (మంగళవారం, సాయంత్రం 4:10)

నెల సరిపోదని నా అభిప్రాయం. ఒక నెలలో నగదు కలుస్తుంది, వడ్డీ కలవదు. వడ్డీ తప్పు బయటపడేది మూడు నెలల వడ్డీ వేసినప్పుడో, అప్పు మూసినప్పుడో.

చిట్టా_ఆవర్జా (మంగళవారం, సాయంత్రం 5:30)

అది నిజమే, ఒప్పుకుంటాను. అయితే అందుకోసం రెండు పడవల మీద కాళ్లు పెట్టక్కర్లేదు. రకానికి 10 ఖాతాలు తీయండి: పంట రుణం, దీర్ఘకాలిక రుణం, బంగారు రుణం, గడువు మీరినవి. 40 ఖాతాలకి సెక్రటరీ గారు చేత్తో వడ్డీ కడతారు, యంత్రం కట్టినదానితో పోలుస్తారు. గోలైవ్‌కి (లెక్క కంప్యూటర్‌లో మొదలయ్యే రోజుకి) ముందొకసారి, మొదటి మూడు నెలల వడ్డీ పడ్డాక ఇంకోసారి. రూపాయి లోపు తేడా రౌండింగు. అంతకు మించితే వడ్డీ రేటో, తేదీయో, అపరాధ వడ్డీయో తప్పుగా పెట్టారని అర్థం.

తేదీ విషయం కూడా. మార్చి 31 లెక్కలకి బాగుంటుందని ఏప్రిల్ ఒకటిన మొదలుపెడతారు. మన డెల్టాలో ఏప్రిల్ అంటే దాళ్వా (రబీ వరి) కోతలు, ధాన్యం కొనుగోలు, తేమ 17 శాతం దాటిందని తగువులు, గోనె సంచుల కోసం కేకలు. పైగా అప్పుల రెన్యువళ్లు. ఆ రద్దీలో ఎంత మంచి మనుషులైనా కొట్టుకుంటారు. ఆగస్టు, సెప్టెంబరు యూరియా వేళ, వరద వేళ. నా మాట అయితే సెప్టెంబరు 30 ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని పద్దుల నిల్వల పట్టిక) మీద నిల్వలు ఎక్కించి, అక్టోబరు రెండో వారం నుంచి నెలపాటు రెండూ నడపాలి. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు జోరందుకునేలోపు పుస్తకం మూసెయ్యొచ్చు.

లంకగాలి (మంగళవారం, రాత్రి 9:15)

ఆఫీసు లోపలి మనుషుల గురించే మాట్లాడుతున్నారు, కౌంటరు బయట నిలబడ్డవాళ్ల సంగతి కూడా చూడాలండి. రైతుకి ఆవర్జా పేజీ కళ్లతో చూసే అలవాటు. తన పేరు పేజీ, కింద ఎర్ర సిరా గీత, సెక్రటరీ గారి పొడి సంతకం. ఇప్పుడు చేతిలో పెట్టేది ఒక చిన్న కాగితం. కట్టిన లక్షకి ఆ కాగితమే సాక్ష్యమంటే నమ్మకం కుదరదు. మొదటి నెలంతా డబ్బు తీసుకునేటప్పుడు మూడు అంకెలు గట్టిగా చదివి వినిపించాలి: ఇప్పటిదాకా బాకీ, ఇవాళ కట్టింది, ఇక మిగిలింది. చదువు రానివాళ్లు మన లంకల్లో ఇంకా ఉన్నారు. పాస్‌బుక్‌లో ఆ రోజు తేదీ, నిల్వ చేత్తో కూడా రాసి ఇవ్వాలి, కంప్యూటర్ ఉంది కదా అని మానకూడదు.

ఎక్కించిన నిల్వలు సభ్యులకి చూపించి ఒప్పించుకోవాలి. కొందరు జాబితా మొత్తం నోటీసు బోర్డుకి అంటించేస్తారు. అది చాలా తప్పు. ఎవరి బాకీ ఎంతో ఊరంతా చదివితే పరువు పోయినవాడు నిల్వ తప్పు అని గాని, ఒప్పు అని గాని చెప్పడానికి ఆఫీసుకే రాడు.

తాళపుచెవి (బుధవారం, ఉదయం 7:45)

బోర్డుకి పెట్టకపోతే బినామీ అప్పులు ఎలా బయటపడతాయండి? ఎవరి పేరు మీద ఎంతుందో ఊరికి తెలిసినప్పుడే 'నేను తీసుకోలేదు' అని మనిషి ముందుకొస్తాడు.

లంకగాలి (బుధవారం, ఉదయం 8:30)

మనిషి మనిషికీ చీటీ ఇస్తే అదే పని జరుగుతుంది, పరువు నిలుస్తుంది. చీటీలో అప్పు నంబరు, తీసుకున్న తేదీ, అసలు, వడ్డీ, తాకట్టు సర్వే నంబరు. రైతు సంతకమో వేలిముద్రో పెట్టి సగం ముక్క తిరిగి ఇస్తాడు. తీసుకోని అప్పు ఉంటే ఆ చీటీ చూడగానే చెబుతాడు. పంచేది అప్పులు ఇచ్చిన సిబ్బంది కాకుండా కమిటీ సభ్యుడు గాని, జిల్లా బ్యాంకు సూపర్‌వైజరు గాని అయ్యుండాలి. ఇంటికెళ్లి ఇవ్వాలి. 1,200 చీటీలు ఊరి వారీగా విడగొడితే రోజుకి 60, 20 రోజులు. మహాజన సభలో పేర్లు లేకుండా మొత్తాలు చదివితే చాలు.

కౌలు రైతు సంగతి కూడా ఆలోచించండి. డెల్టాలో చేను దున్నేది ఒకరు, పాస్‌బుక్ ఒకరిది. యజమాని పేర ఆ సర్వే నంబరు మీద అప్పు ఉందని యంత్రంలో పడ్డాక, 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల సాగు హక్కు పత్రం పట్టుకుని వచ్చిన కౌలుదారుకి అప్పు ఆగిపోతుంది. పుస్తకాల కాలంలో ఇది కంటికి ఆనేది కాదు. ఆ రోజు కౌంటరులో తిట్లు తినేది కుర్రాడు. ముందే కమిటీ కూర్చుని ఎలా చెప్పాలో, ఎవరు చెప్పాలో తేల్చుకోవాలి. 'కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు' అని మాత్రం అనకూడదు. ఆ మాట విన్న రైతు రెండోసారి సొసైటీ గడప తొక్కడు.

తాళపుచెవి (బుధవారం, ఉదయం 9:10)

చీటీ పద్ధతి బోర్డు కంటే మేలే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పంచేవాళ్లు వేరుగా ఉండాలన్న షరతు మాత్రం సడలించకండి. ఇంకోటి, బుక్ అడ్జస్ట్‌మెంటు రెన్యువళ్లు. డబ్బు చేతులు మారకుండా పాత అప్పు మూసి అదే రోజు కొత్తది రాసినవి. చీటీలో కొత్త తేదీ చూసి 'ఆ రోజు నేను ఆఫీసుకే రాలేదు' అని రైతు అంటే, అది అబద్ధం కాదు. సిబ్బంది అత్యంత భయపడే చోటు అది. ముందే జాబితా తీసి కమిటీకి ఇచ్చేలా వాళ్లతో మాట్లాడుకోండి. బయట నుంచి తెలిసేలోపు లోపలి నుంచి తెలియడం అందరికీ మంచిది.

గట్టుమీదరైతు (బుధవారం, మధ్యాహ్నం 2:20)

గోడౌను వైపు ఏమైనా చెప్పండి. సేల్స్‌మన్ అసలు ఈ చర్చలోకే రావట్లేదు, 'నాది ఎరువుల మిషను, మీ కంప్యూటర్‌తో నాకేం పని' అంటారు.

కొబ్బరాకు (బుధవారం, మధ్యాహ్నం 3:40)

తగువంతా అక్కడే పుడుతుంది. ఎరువుకి మూడు లెక్కలుంటాయి: రైతు వేలిముద్రతో అమ్మకం నమోదు చేసే పాస్ (పీఓఎస్) మిషన్‌లో నిల్వ, సొసైటీ స్టాకు రిజిస్టరు, గోడౌనులో చేత్తో లెక్కపెట్టే బస్తాలు. యూరియా రద్దీలో నూరు మంది వరసలో ఉంటారు, వేలిముద్ర పడదు, సిగ్నల్ ఉండదు. ఆయన బస్తాలిచ్చేసి పేర్లు కాగితం మీద రాసుకుని రాత్రికి కొడతారు. రాత్రి కొట్టాలంటే వేలిముద్ర కావాలి, రైతు ఇంటికెళ్లిపోయాడు. అలా మిషన్‌లో నిల్వ మిగిలిపోతుంది, గోడౌనులో ఉండదు. మిషన్‌లో నిల్వ ఉన్నంతవరకు కొత్త లోడు రావడం కష్టం. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, 40 బస్తాల తేడా అంటే 10,660 రూపాయలు. అది ఆయన జేబులోంచి పోతుందనే భయంతోనే దూరంగా ఉంటున్నారు.

గోలైవ్ ముందు ఆదివారం గోడౌను మూసి ముగ్గురు కలిసి లెక్కపెట్టండి: సేల్స్‌మన్, సెక్రటరీ, కమిటీ నుంచి ఒకరు. దొంతికి ఎన్ని బస్తాలో ముందు రాసుకుని, దొంతులు లెక్కపెట్టండి. చిరిగినవి, గడ్డకట్టినవి విడిగా. మిషను, రిజిస్టరు, గోడౌను మూడు అంకెలూ ఆ రోజు తేదీతో సంతకాలు పెట్టి మూసేస్తే, పాత తేడా పాతదిగా నిలుస్తుంది. కొత్త రోజు నుంచి ఆయన బాధ్యత సున్నా దగ్గర మొదలవుతుంది. ఈ మాట ఆయనకి చెప్పి చూడండి. రద్దీ రోజుల్లో వరసకి టోకెన్లు ఇవ్వడానికి, వేలిముద్ర పెట్టించడానికి రెండో మనిషిని ఇవ్వండి. మనిషినివ్వకుండా 'మిషను లేకుండా ఒక్క బస్తా ఇవ్వొద్దు' అని ఆర్డరు వేస్తే ఆయన ఆర్డరుకీ, వరసకీ మధ్య నలిగిపోతారు.

వశిష్ఠతీరం (బుధవారం, సాయంత్రం 6:00)

ఇంత చేసినా సెక్రటరీ గారికీ కుర్రాడికీ మాటా మాటా వస్తుంది. అప్పుడు ఊరి పెద్దమనుషుల దగ్గరికి పోనివ్వకండి. అక్కడ అది పద్దు తగువుగా ఉండదు, వాళ్ల మనిషి, వీళ్ల మనిషి అయిపోతుంది. చైర్మన్ గారు ముందు విడివిడిగా వినాలి, ఆ రోజే వినాలి. తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి ఏ పద్దు, ఏ తేదీ, ఎవరు ఏం చేశారు అన్నంతవరకే మాట్లాడించాలి. 'ఎప్పుడూ ఇంతే', 'వీడికి లెక్కలేదు' అనే మాటలు రాగానే మళ్లీ పద్దు దగ్గరికి లాగాలి. తేలినది అనుమానాల పుస్తకంలోనే రాయించి ఇద్దరి సంతకాలూ తీసుకోవాలి. సభ్యుల ముందు కుర్రాణ్ణి మందలించడం, కుర్రాడి ముందు సెక్రటరీ గారిని 'మీకింకా రాలేదా' అనడం, రెండూ చైర్మన్ తన నోట రానివ్వకూడదు.

చిట్టా_ఆవర్జా (బుధవారం, రాత్రి 8:25)

పుస్తకం మూసే రోజు గురించి రాస్తాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. చాలాచోట్ల డే బుక్ ఒక రోజు రాయడం మానేస్తారంతే. సగం పేజీ ఖాళీగా, గీత కూడా లేకుండా బీరువాలో పడుంటుంది. అలా చేయకూడదు. ఆడిటుకీ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు.

ఆఖరి రోజు పద్దులయ్యాక అడ్డంగా రెండు గీతలు. కింద అక్షరాల్లో నగదు నిల్వ. 'ఈ పుటతో చేతి రాత ముగిసినది, రేపటి నుంచి లెక్క కంప్యూటర్‌లో' అని సెక్రటరీ గారు తన చేత్తో రాసి సంతకం పెడతారు. కమిటీ ముగ్గురూ కింద సంతకం చేస్తారు. మిగిలిన ఖాళీ పేజీలకి అడ్డగీతలు కొట్టాలి. తర్వాత పుస్తకాలకి వరస నంబర్లు వేసి జాబితా కట్టి, ఏ బీరువా, తాళం ఎవరి దగ్గర అని రాయాలి. లంక ఊళ్లయితే బీరువా అడుగు అరలో పెట్టకండి, వరద నీరు వచ్చేది కింద నుంచే. యూపీఎస్ కూడా నేల మీద వద్దు. ఆఖరి మూడేళ్ల ఆవర్జాలు వరదల కాలం రాకముందే ఫోటోలు తీసి పెట్టుకోవాలి.

ఆ సంతకం రోజున సభ్యుల్ని పదిమందిని పిలవండి. ఆయన ఏళ్ల తరబడి రాసిన పుస్తకాలు బల్ల మీద పెట్టండి. ఉపన్యాసాలు అక్కర్లేదు, టీ చాలు.

గట్టుమీదరైతు (గురువారం, ఉదయం 6:40)

బంగారు రుణాల ప్యాకెట్లు మాత్రం మిగిలాయండి. వాటిని కూడా సెప్టెంబరు 30కే సరిచూడాలా, ముందే చేయొచ్చా?

తాళపుచెవి (గురువారం, ఉదయం 7:30)

ముందే చేయండి, ఆ తేదీన మళ్లీ ఒకసారి. రెండు తాళాల వాళ్లూ, అప్రైజరూ (బంగారం విలువ కట్టేవారు), కమిటీ సభ్యుడూ నలుగురూ ఉన్నప్పుడే సేఫ్ తెరవాలి. ప్యాకెట్టు నంబరు, సీలు, పేరు, తూకం రిజిస్టరుతో పోల్చాలి. సీలు బాగున్న ప్యాకెట్టు విప్పకండి, తూచి పక్కన పెట్టండి. సీలు చెదిరినది గాని, తూకం తేడా వచ్చినది గాని ఉంటే రుణం తీసుకున్న మనిషిని పిలిపించి ఆయన ముందే విప్పాలి. మధ్యలో ఎవరైనా బయటికి వెళ్లాల్సి వస్తే సేఫ్ మూసేసి, వాళ్లొచ్చాకే మళ్లీ తెరవండి.